శనగగింజంత మందు

చర్మం గురించి రాయడానికి నీకున్న అర్హత ఏమిటని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో నగల లోన్లూ పంట లోన్లూ చూసుకుంటున్న మనిషిని. అయినా మొన్న ఉగాదికి మన సంఘం వాళ్ళందరం కలిసినప్పుడు ముగ్గురు తల్లులు మా ఆవిణ్ణి పక్కకు పిలిచి ఒకటే ప్రశ్న వేశారు. "మీ అమ్మాయి ముఖానికి ఏ ట్యూబు వాడారండీ? ఇప్పుడు చక్కగా ఉందే! పేరు చెబితే మేమూ తెప్పించుకుంటాం." మా ఆవిడ నా వైపు చూసింది. నేను మామిడికాయ పులిహోర తింటూ ఏమీ విననట్టు ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక, "పేరొక్కటే చెబితే వాళ్ళూ మనలాగే బోల్తా పడతారు. మొత్తం కథ చెప్పాలి. అది మీరే రాయండి, తప్పు మీది కదా" అంది. నిజమే, తప్పు నాది. అందుకే రాస్తున్నాను.

2023 మాఘమాసంలో మా అమ్మాయికి సంబంధం కుదిరింది. అబ్బాయిది హోసూరు. మే నెలలో పెళ్ళి అనుకున్నాం. అమ్మాయి అప్పటికి ధర్మపురిలోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. రోజూ స్కూటరు మీద పోయి వచ్చేది. పదిహేడో ఏట మొదలైన మొటిమలు ఇరవైనాలుగు వచ్చినా ఆమెను వదలలేదు. కొత్తవి వస్తూనే ఉండేవి, పాతవి పోతూ బుగ్గల మీద నల్ల మచ్చలు వదిలిపోయేవి. మేం ఎవరం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నిశ్చితార్థం రోజు మాత్రం అటు తరపు పెద్దావిడ ఒకామె, "పిల్ల కళగానే ఉంది, ఆ మచ్చలే లేకపోతే..." అని సగంలో ఆపింది. ఆ చెప్పని సగం మా ఇంట్లో నెల రోజులు తిరిగింది.

నాతో పనిచేసే ఒకాయన తమ ఇంట్లో వాడిన క్రీము పేరు చీటీ మీద రాసిచ్చాడు. సాయంత్రం బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపుకు వెళ్ళి ఆ చీటీ చూపించాను. కుర్రవాడు అట్టపెట్టె తీసి కౌంటరు మీద పెట్టాడు. ట్రెటినాయిన్, 0.05 శాతం. డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాలన్న హెచ్చరిక పెట్టె మీదే ఉంది. అతను చీటీ అడగలేదు, నేను ఇవ్వలేదు. "రాత్రిపూట పెట్టుకోమనండి సార్" అని తమిళంలో ఒక్క ముక్క అన్నాడు. ఇంటికొచ్చి ఆ ఒక్క ముక్క కూడా చెప్పడం మరిచిపోయాను. రైతు ఎవరైనా పంట లోనుకు వస్తే పట్టా, చిట్టా, అడంగల్ మూడూ బల్ల మీద పెట్టందే కలం తీయని వాణ్ణి నేను. కన్నకూతురి ముఖానికి పూసే మందుకు మాత్రం ఏ కాగితమూ అడగలేదు.

అమ్మాయి దాన్ని స్నో రాసుకున్నట్టే రాసుకుంది. పొద్దున స్నానం చేయగానే ఒకసారి, రాత్రి ఒకసారి, ముఖమంతా, ముక్కు పక్కలతో సహా. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందన్నది ఆమె లెక్క. బ్యాంకు వాళ్ళ అమ్మాయి కదా, రెట్టింపు కడితే అప్పు త్వరగా తీరుతుందనుకుంది కాబోలు.

నాలుగో రోజు చర్మం బిగుసుకుపోయినట్టు ఉందంది. వారం తిరిగేసరికి పెదవుల పక్కనా ముక్కు పక్కనా సన్నగా పొట్టు లేవడం మొదలైంది. మా ఆవిడకు అది చూసి సంతోషం. "పాత తోలు పోతే లోపలి నుంచి తెల్లగా కొత్తది వస్తుంది" అంది. నేనూ అవుననే అనుకున్నాను. రెండో వారంలో చల్లటి నీళ్ళు పోసుకున్నా ముఖం చురచురలాడేది. లేనిచోట కొత్త మొటిమలు లేచాయి. అప్పుడైనా ఆపాల్సింది. ఆపలేదు సరికదా, మంట తగ్గుతుందని మా అమ్మ పసుపులో నిమ్మరసం కలిపి పట్టు వేసింది. ఆ రోజు పిల్ల ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే.

అంతటితో అయిందా? మార్చి నడిమధ్యలో అబ్బాయి వాళ్ళు హొగెనక్కల్ చూడాలని వచ్చారు. మనింటికి ఎవరొచ్చినా హొగెనక్కల్ తీసుకుపోవడం ధర్మపురి వాళ్ళకు తప్పదు కదా. పుట్టి ఎక్కి ఏటి మీద గంటన్నర తిరిగాం. పైన ఎండ, కింద నీళ్ళ మీంచి ఎదురుకొట్టే ఎండ. అందరం ఆ ఎండలోనే ఉన్నాం, మాకెవరికీ ఏమీ కాలేదు. అమ్మాయి ముఖం మాత్రం సాయంత్రానికి కాల్చిన వంకాయలా కమిలిపోయింది. నాలుగు రోజుల తరువాత ఎరుపు తగ్గుతూ, బుగ్గల మీద వేలెడంత గోధుమరంగు మచ్చలు మిగిలాయి. మొటిమల మచ్చలు పోగొడదామని మొదలుపెట్టి వాటికి రెండింతలు తెచ్చుకున్నాం. పెళ్ళికి ఇంకా రెండు నెలలు.

ఇక్కడ మా అక్క రంగంలోకి దిగింది. తను ఉండేది కృష్ణగిరి. "ఒరే, ఆ మందు పారేయ్. ఇది రాయమను, ఐదు రోజుల్లో చల్లబడుతుంది" అని తన కోడలు వాడుతున్న ట్యూబు ఒకటి పంపింది. అది మూడు మందులు కలిపిన క్రీము. నిజంగానే ఐదో రోజుకు మంట పోయింది, ఎరుపు పోయింది. పదిహేను రోజులకు మచ్చలు పలచబడ్డాయి. నెలకు ముఖం నిగనిగలాడింది. పెళ్ళి ఫొటోల్లో మా అమ్మాయిని చూసి ఫొటోగ్రాఫరే మెచ్చుకున్నాడు. మా అక్కకు నేను ప్రత్యేకంగా ఒక పట్టుచీర పెట్టాను.

పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళేటప్పుడు ఆ ట్యూబు ఇక్కడే ఉండిపోయింది. ముఖం బాగైంది కదా, ఇంక అక్కర్లేదనుకుంది అమ్మాయి. వారం పది రోజులకు ముఖం ఎర్రబడింది. మరో వారానికి భగభగ మంట, వాపు, బుగ్గల నిండా చిన్న చిన్న చీము పొక్కులు. ఆషాఢం వచ్చింది కాబట్టి పుట్టింటికి రావడానికి సాకు వెతుక్కోనక్కర లేకపోయింది గానీ, చున్నీ ముఖానికి చుట్టుకుని ఇంట్లో అడుగుపెట్టిన పిల్లను చూసి మా ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. ఆ రాత్రి అమ్మాయి చెప్పిన మాట ఇది: "నాన్నా, నాకు ముందునుంచీ ఏదో చర్మరోగం ఉందనీ, మనం దాచిపెట్టి పెళ్ళి చేశామనీ అక్కడ అనుకుంటున్నారు."

మర్నాడే సేలం బయలుదేరాం. తొప్పూరు కనుమ దిగుతున్నంతసేపూ కారులో ఎవరూ మాట్లాడలేదు.

చర్మవ్యాధుల డాక్టరమ్మ ముఖం చూడకముందే, "ఇంట్లో వాడినవన్నీ తెచ్చారా?" అని అడిగింది. రెండు ట్యూబులూ బల్ల మీద పెట్టాను. వాటిని ఇటూ అటూ తిప్పి చూసి, "ఎవరు రాసిచ్చారు?" అంది. నేను నోరు విప్పలేదు. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. "రోజుకి ఇలాంటి ముఖాలు చూస్తూనే ఉంటానండీ" అని, ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఆమె చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ట్యూబులోది చెడ్డ మందు కాదు. అసలు మొటిమలకు ఉన్న మంచి మందుల్లో అదొకటి. దాన్ని రెటినాయిడ్ అంటారు, అంటే విటమిన్ ఏ కుటుంబానికి చెందినది. కంట్లోని రెటీనా పొర పేరు మీదుగానే విటమిన్ ఏకు రెటినాల్ అన్న పేరు వచ్చింది. అది కొరవడితే రేచీకటి వస్తుందని మనందరికీ తెలుసు. మన దేశంలో చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదులో విటమిన్ ఏ పోసే పథకం 1970లో మొదలైంది. దానికి ఆధారమైన పరిశోధన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థది. ఆ సంస్థ పుట్టింది మాత్రం 1918లో మన నీలగిరుల్లోని కూనూరులో. 1958లో హైదరాబాదుకు తరలిపోయింది. తమిళనాట పుట్టి తెలుగుదేశంలో స్థిరపడిందన్నమాట. మన సంఘంలో సగం మంది కథకు తిరగేసిన కథ.

విటమిన్ ఏ నుంచి వచ్చే ఆమ్లమే ట్రెటినాయిన్. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరానికి చెందిన చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఆయన సహచరులు దాన్ని మొటిమల మీద పూస్తే కలిగే గుణాన్ని 1969లో ప్రకటించారు. 1971లో అక్కడి ప్రభుత్వం దాన్ని మొటిమల మందుగా అనుమతించింది. ఈ కథకు ఇంకో పక్క కూడా ఉంది. ఆ నగరంలోని హోమ్స్‌బర్గ్ జైల్లో 1950ల నుంచి 1974 దాకా ఖైదీల చర్మం మీద క్లిగ్‌మన్ ఎన్నో మందులూ రసాయనాలూ ప్రయోగించాడు. ఈ విటమిన్ ఏ ఆమ్లం కూడా వాటిలో ఉంది. ఆ ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు. తమ మీద ఏం పూస్తున్నారో వాళ్ళకు సరిగా చెప్పిన వాళ్ళు లేరు. 1998లో అలెన్ హార్న్‌బ్లమ్ అనే ఆయన దీని మీద పుస్తకం రాశాక లోకానికి బాగా తెలిసింది. 2022 అక్టోబరులో ఫిలడెల్ఫియా నగర ప్రభుత్వం క్షమాపణ చెప్పుకుంది. ఇది చదివినప్పుడు నాకు మా వంటింట్లో పసుపు పట్టు కింద ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు సరే, నేను కనీసం అడిగి ఉండవచ్చు కదా.

సరే, మందు పనిచేసే తీరుకు వస్తాను. మన చర్మం పై పొర ఎప్పుడూ రాలిపోతూ కింది నుంచి కొత్తది వస్తూ ఉంటుంది. మొటిమ అంటే, రాలాల్సిన మృతకణాలు చర్మరంధ్రంలోనే అతుక్కుని జిడ్డుతో కలిసి బిరడా పడిపోవడం. రెటినాయిడ్ ఆ కణాల రాకపోకలను తొందరపెట్టి, బిరడా పడకుండా చేస్తుంది. కానీ ఆ తొందరలో పై పొర పలచబడుతుంది, వదులవుతుంది, లోపలి తేమను పట్టి ఉంచలేకపోతుంది. అందుకే పొడిబారడం, పొట్టు లేవడం, ఎర్రబడడం, దురద, మంట. సక్రమంగా వాడినా మొదటి రెండు నుంచి నాలుగు వారాలు ఇవి కాస్తో కూస్తో ఉంటాయి. తరువాత చర్మం అలవాటు పడుతుంది. లోపల దాగి ఉన్న మొటిమలు బయటపడి, మొదట్లో అవి ఎక్కువైనట్టు కూడా కనబడవచ్చు. నిజమైన గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

"మరి పొట్టు రాలితే మంచిదే కదండీ?" అని మా ఆవిడ ఉండబట్టలేక అడిగింది. డాక్టరమ్మ నవ్వి, "మంట ఎక్కువైతే గుణం ఎక్కువని అందరూ అనుకుంటారు. మొదట్లో డాక్టర్లే అలా అనుకున్నారు" అంది. 1995లో అమెరికాలోనే ఒక పరిశోధన జరిగిందట. ఎండకు ముడతలు పడిన ముఖాలకు కొందరికి 0.1 శాతం ట్రెటినాయిన్, మరికొందరికి అందులో నాలుగో వంతు, అంటే 0.025 శాతం, 48 వారాలు రాసి చూశారు. గుణం ఇద్దరికీ దాదాపు సమానం. మంట, ఎరుపు మాత్రం ఎక్కువ శాతం రాసిన వాళ్ళకే చాలా ఎక్కువ. అంటే మా అమ్మాయి అనుభవించిన మంటలో ముప్పాతిక వంతు ఎందుకూ పనికిరాని మంట.

పనికిరాకపోవడమే కాదు. తెల్లవాళ్ళ చర్మం కందితే ఎర్రబడి మామూలవుతుంది. మన చామనఛాయ చర్మం కందితే అక్కడ రంగు పేరుకుని నల్ల మచ్చ పడుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. అందుచేత ఈ మందుతో మనం వాళ్ళకంటే నెమ్మదిగా పోవాలి. ఎండ సంగతీ అంతే. పై పొర పలచబడ్డ ముఖానికి ఎండ త్వరగా తగులుతుంది. పైగా ట్రెటినాయిన్ వెలుతురుకు పాడైపోయే మందు, పగలు రాస్తే మందు దండగ, చర్మానికి హాని. "రాత్రిపూట" అన్న కుర్రవాడి ఒక్క ముక్కలో ఇంత ఉందని నాకేం తెలుసు!

ఇక రెండో ట్యూబు. దాన్ని పట్టుకుని చూపిస్తూ, "అసలు దొంగ ఇది" అంది డాక్టరమ్మ. అందులో ఉన్న మూడు మందుల్లో ఒకటి మళ్ళీ అదే ట్రెటినాయిన్. రెండోది రంగు తగ్గించే హైడ్రోక్వినోన్. మూడోది మొమెటసోన్ అనే స్టెరాయిడ్. మంటను అణచిపెట్టింది ఆ స్టెరాయిడే. నెలల తరబడి ముఖానికి రాస్తే స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనబడతాయి, మొటిమలు తెప్పిస్తుంది, ముఖం మీద వెంట్రుకలు మొలిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, చర్మం దానికి బానిసవుతుంది. ఆపగానే అణిగి ఉన్నదంతా వడ్డీతో సహా పైకి లేస్తుంది. ఈ మూడు మందుల మిశ్రమానికి మూలపురుషుడు కూడా ఆ క్లిగ్‌మన్‌గారే, 1975లో. కానీ మంగు మచ్చలకని అమెరికాలో 2002లో అనుమతించిన ఇలాంటి క్రీములో స్టెరాయిడ్ మరీ బలమైనది కాదు, దానికి కూడా 8 వారాలకు మించి వాడవద్దని హద్దు ఉంది. మన దగ్గర బలమైన స్టెరాయిడ్ కలిపినది అంగట్లో దొరుకుతుంది, తెల్లబడే క్రీమని చేతులు మారుతుంది, ఏళ్ళ తరబడి రాస్తారు.

ఇదేదో మా ఇంటి ఒక్కదాని కథ అనుకున్నాను. కాదు. 2011లో మన దేశపు చర్మవైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో, ముఖం మీద చర్మవ్యాధులతో వచ్చిన 2,926 మందిని అడిగితే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నవాళ్ళే. నూటికి దాదాపు పదిహేను మంది. ఇలా పాడైన ముఖానికి వైద్యులు ఒక పేరు కూడా పెట్టుకున్నారు, స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖమని. వాళ్ళ జాతీయ సంఘం చాలాకాలం పోరాడాక 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మా అక్క ట్యూబు పంపింది 2023లో. ఉత్తర్వు వచ్చి అయిదేళ్ళు. బ్యాంకులో మేమూ సర్క్యులర్లు చూస్తుంటాం లెండి, కాగితం రావడం వేరు, కౌంటరు దాకా దిగడం వేరు.

చికిత్స సంగతి క్లుప్తంగా చెబుతాను. రెండు ట్యూబులూ బంద్. పసుపు, నిమ్మకాయ, ముల్తానీ మట్టి, బ్యూటీ పార్లరు అన్నీ బంద్. మామూలు మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను, వాపు తగ్గడానికి కొన్నాళ్ళు మాత్రలు. మొదటి మూడు వారాలు ముఖం ఇంకా ఎర్రబడింది. ఆ ట్యూబు మళ్ళీ ఒక్కసారి రాస్తే పొద్దునకల్లా చల్లబడుతుందని తెలిసీ రాయకుండా ఉండడం ఎంత కష్టమో అమ్మాయి ముఖం చూస్తే తెలిసేది. ఒక రాత్రి అది ఎక్కడ పెట్టారని వాళ్ళమ్మను అడిగింది. నేను అప్పటికే దాన్ని చెత్తబండిలో వేసేశాను.

ఈలోగా హోసూరుకు ఒక్కణ్ణే వెళ్ళాను. వియ్యంకుడి ముందు కూర్చుని, "బావగారూ, అమ్మాయికి ముందునుంచీ ఏ రోగమూ లేదు. పెళ్ళి తొందరలో నేను డాక్టరుకు చూపకుండా మందు కొని తెచ్చి చెడగొట్టాను" అని జరిగినదంతా చెప్పాను. ఉద్యోగంలో ఇన్‌స్పెక్షన్ వాళ్ళ ముందు కూడా అంత చెమట పట్టలేదు. ఆయన ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి ఒక ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మా చిన్నమ్మాయి ఏడాదిగా రాస్తోంది, ఇదేనా చూడండి." కంపెనీ వేరు. వెనక ఉన్న మూడు పేర్లు మాత్రం అవే. తరువాతి నెల సేలానికి రెండు కార్లు వెళ్ళాయి. వియ్యపురాలు మా అమ్మాయి చేయి పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి నడిపించడం నేను బయట బెంచీ మీంచి చూశాను.

నవంబరుకు ముఖం నెమ్మదించింది. మొటిమలు మాత్రం ఉన్నాయి. అప్పుడు డాక్టరమ్మ మళ్ళీ రెటినాయిడే రాసింది! ఈసారి అడాపలీన్, 0.1 శాతం జెల్. అదీ అదే కుటుంబం, కాకపోతే మంట తక్కువ. మా ఆవిడ "అమ్మో, మళ్ళీ అదా?" అంది. "మందు మంచిదేనమ్మా, వాడే పద్ధతే మీకు ఎవరూ చెప్పలేదు" అని, వాడే విధానం తెల్లకాగితం మీద రాసిచ్చింది. ముగ్గురు తల్లులూ అడిగింది ట్యూబు పేరు గానీ, నన్నడిగితే అసలు మందు ఆ కాగితమే.

ముఖం మొత్తానికి కలిపి శనగగింజంత మందు. అంతకు మించకూడదు. రాత్రి ముఖం కడిగి, తుడిచి, ఇరవై ముప్పై నిమిషాలు ఆగి, పూర్తిగా ఆరాక రాయాలి. తడి ముఖానికి రాస్తే మంట ఎక్కువ. కళ్ళ చుట్టూ, ముక్కు మూలల్లో, పెదవుల పక్కన వద్దు. మొటిమ ఉన్నచోటే చుక్క పెట్టడం కాదు, మొటిమలు వచ్చే భాగమంతా పలచగా. మొదట వారానికి రెండు రాత్రులే, ఓర్చుకుంటే మూడు, ఆపైన రోజు విడిచి రోజు. పొడిబారే చర్మమైతే ముందు మాయిశ్చరైజరు రాసి దానిమీద ఇది. పగలు సన్‌స్క్రీను, స్కూటరు మీద పోతే ముఖానికి గుడ్డ. ఇది వాడుతున్నన్నాళ్ళూ వాక్సింగు, బ్లీచు వద్దు. పై పొర వదులుగా ఉంటుంది కాబట్టి వాక్సుతో పాటు చర్మం ఊడివస్తుంది. కొద్దిపాటి పొట్టు, బిగుతు ఉంటే రెండు రోజులు విరామం ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. వాపు, నీటిపొక్కులు, రసి కారడం, కంటికి తగలడం ఉంటే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి.

కాగితం చివర ఒక గీత కింద రాసింది: గర్భం కోసం చూస్తున్నా, వచ్చిందని అనుమానమున్నా ఆపేయాలి, చెప్పాలి. ఇదే కుటుంబానికి చెందిన ఐసోట్రెటినాయిన్ మాత్రలు మొండి మొటిమలకు వాడతారు. గర్భిణి అవి మింగితే బిడ్డకు తీవ్రమైన అవయవలోపాలు వస్తాయి, అందులో సందేహం లేదు. పైపూతలో ఒంట్లోకి ఇంకేది బహు స్వల్పం. అయినా ముఖం మీది మొటిమ కోసం ఆ కాస్త పూచీ కూడా ఎందుకని వైద్యులు వద్దంటారు. కొత్తగా పెళ్ళైన పిల్లల చేతికి ఈ ట్యూబు డాక్టరు చీటీ లేకుండా ఇచ్చే తల్లిదండ్రులు ఈ ముక్క రెండుసార్లు చదవండి. నేను కొనుక్కొచ్చిన రోజున ఇది నాకు తెలియదు, మా అక్కకు తెలియదు, అమ్మిన కుర్రవాడికీ తెలిసి ఉండదు.

రెండో వారంలో గడ్డం మీద కాస్త పొట్టు లేచింది. మా ఆవిడ హోసూరుకు ఫోను మీద ఫోను. అమ్మాయే, "కాగితంలో ఉందమ్మా, రెండు రోజులు ఆగి రాస్తాను" అని నిబ్బరంగా చెప్పింది. 2024 శివరాత్రి నాటికి కొత్త మొటిమలు చాలావరకు ఆగిపోయాయి. గోధుమరంగు మచ్చలు పలచబడడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. కుడి బుగ్గ మీద ఒకటి ఇంకా కొద్దిగా ఉంది, తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. రంగు మాత్రం ఎప్పుడూ ఉన్న రంగే. నిజం ఒప్పుకోవాలంటే, మొదటి రోజు మేం మందు కొన్నది మొటిమలకన్న పేరుతో ఆ రంగు కోసమే. నిశ్చితార్థంలో ఆ పెద్దావిడ సగంలో ఆపిన మాటను పూర్తి చేసింది మేమే.

2025 జనవరిలో సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మాయి నెల తప్పిందని చెప్పింది. మందు అంతకు రెండు నెలల ముందే, డాక్టరమ్మకు చెప్పి, ఆపేసిందట. సగం వాడిన ట్యూబు మా ఇంటి అద్దం వెనక ఉండిపోయింది.

మొన్న నేను ఈ వ్యాసం రాస్తుంటే మా ఆవిడ ఆ ట్యూబు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. "ముడతలకు కూడా రాసి చూశారని రాశారు కదా, ఇది నాకు పనికొస్తుందేమో?" అంది. కళ్ళజోడు పెట్టుకుని వెనక అచ్చేసిన తేదీ చూశాను. గడువు దాటి నాలుగు నెలలైంది.